మణికట్టు మీద వెలిగే గుండె

గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందని చిన్నప్పుడు బడిలో చదివాం. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాం. ఆ 72 ఎంత పైపై మాటో, యాభై దాటాక చేతికి ఒక సన్నటి ఫిట్‌నెస్ పట్టీ (బ్యాండు) కట్టుకున్న తర్వాత గానీ నాకు తెలియలేదు. నా గుండె 72 దగ్గర ఆగేదే తక్కువ! కూర్చుని పేపరు చదువుతుంటే 66. లేచి వీధి గుమ్మం దాకా వెళ్లి పాల ప్యాకెట్లు తెచ్చేసరికి 88. తడిబట్టల బకెట్టుతో మేడ ఎక్కితే 118. పొద్దున్నే ఫోన్‌లో రాత్రి రికార్డు చూస్తే, తెల్లవారుజామున ఎప్పుడో 54కి దిగి ఉంది. పుట్టక ముందు నుంచీ నాలో పనిచేస్తున్న గుండె దినచర్య నేను ఇప్పుడే చూస్తున్నాను. ఎంత అందంగా ఉందో ఆ గీత!

పట్టీని విప్పి వెనక్కి తిప్పితే చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు. ఆ రంగే ఎందుకని చదువుతూ పోతే ఇంకో ఆశ్చర్యం. రక్తం ఎర్రగా కనిపించేది ఎరుపును తిప్పికొట్టి, ఆకుపచ్చను మింగేస్తుంది కాబట్టి. గుండె ఒకసారి కొట్టుకోగానే చర్మం కింది సన్నటి రక్తనాళాలు నిండుతాయి, ఆకుపచ్చ కాంతి ఎక్కువగా లోపలే ఆగిపోతుంది. మరుక్షణం రక్తం తగ్గుతుంది, వెలుగు ఎక్కువగా తిరిగొస్తుంది. దీపాల పక్కనున్న సెన్సర్ ఈ హెచ్చుతగ్గులను కనిపెట్టి లెక్కపెడుతుంది. అంతే! కొన్ని వాచీల్లో ఆ దీపాలు సెకనుకు వందలసార్లు వెలిగి ఆరుతుంటాయి. మన వైద్యుడు నాడి చూసేది బొటనవేలి వైపున్న ధమని మీద. బ్యాండు చూసేది మణికట్టుకు ఆవలి వైపు. అక్కడ వేలు పెడితే మనకు ఏ చప్పుడూ తెలియదు. మనిషి వేలికి అందని చోట నాడిని ఇది వెలుగుతో పట్టుకుంటోంది.

దీని వెనక వందల ఏళ్ల తపన ఉంది. ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడు నాడిని లెక్కపెట్టడం కోసమే సరిగ్గా ఒక్క నిమిషం నడిచే గడియారం చేయించుకుని, 1707లో దాని గురించి పుస్తకం రాశాడు. కాంతితో చర్మంలోని రక్తప్రవాహాన్ని కొలవొచ్చని అమెరికాలో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ 1930లలోనే చూపించాడు. 1982లో ఫిన్లండ్ కంపెనీ పోలార్, ఛాతీకి ఒక పట్టీ, చేతికి ఒక గడియారం కట్టి, మధ్యలో తీగ లేకుండా గుండె వేగాన్ని పరుగు వీరులకు చూపించింది. ఇప్పుడు ఛాతీ పట్టీ కూడా లేకుండా, రెండు మూడు వేల రూపాయల బ్యాండు మామూలు గృహిణి చేతికి అదే వార్త అందిస్తోంది.

నా బ్యాండును మా అమ్మ చేతికి కట్టి అంకె చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఏమే, ఇది నా గుండేనా?"

"నీదేనమ్మా."

"నేనేమీ చెయ్యకుండానే కొట్టుకుంటోందే! ఇన్నేళ్లుగా ఒక్క పూట సెలవు పెట్టలేదు కదే పాపం."

నిమిషానికి 70 చొప్పున వేసుకున్నా రోజుకు లక్షా 800 సార్లు. ఆ లెక్క చెబితే అమ్మ చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

ఊపిరి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. కదలకుండా కూర్చుని, నెమ్మదిగా, దీర్ఘంగా గాలి పీల్చి వదులుతూ అంకె మీద చూపు పెట్టండి. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం చేసే పని ఇది. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా సమానంగా కొట్టుకోదు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య విరామం కొద్దికొద్దిగా మారుతూ ఉండటమే మంచి లక్షణం. ప్రాణాయామం చేస్తే మనసు కుదుటపడుతుందని పెద్దలు చెబితే తల ఊపేదాన్ని. ఇప్పుడు నా వేగం 74 నుంచి 64కి దిగడం నా కళ్లతో చూశాను.

తిరుమల మెట్లదారిలో చూసిన విశేషం ఇంకొకటి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, అందులో గాలిగోపురం దాకా ఉన్న ఎక్కుడే అసలు పరీక్ష. అక్కడ నా అంకె 150 దాటింది. ఓ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఒక్క నిమిషంలో 124! ఎంత ఎక్కువకు పోయిందో కన్నా, ఎంత తొందరగా దిగిందో చూడటం ముఖ్యమట. 1999లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, ట్రెడ్‌మిల్ పరీక్ష ఆపిన మొదటి నిమిషంలో 12 లేదా అంతకన్నా తక్కువ మాత్రమే తగ్గినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. జింకల పార్కు దాటి మోకాళ్ల పర్వతం చేరేసరికి, ఎక్కడ ఆగాలో ఎప్పుడు లేవాలో నా గుండే నాకు చెబుతున్నట్టు అనిపించింది.

ఆ దారిలోనే దీని బలహీనతా బయటపడింది. పక్కనున్న కమ్మీని గట్టిగా పట్టుకుని ఎక్కినంతసేపూ అంకె తలాతోకా లేకుండా మారింది. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గరి కండరాలు కదిలి రక్తప్రవాహం మారుతుంది. బరువులెత్తేవాళ్లకూ సైకిల్ హ్యాండిల్ పట్టుకునేవాళ్లకూ ఇదే చిక్కు. కదిలే చేతిలో నాడిని వెతకడమంటే పెళ్లి బాజాల మధ్య గుసగుస వినడమే. పరుగులో ఇంకో పొరపాటు జరుగుతుంది. నిమిషానికి 165 అడుగులు పడుతుంటే, చేతి ఊపునే నాడి అనుకుని బ్యాండు 165 చూపించేయగలదు. గుండె అప్పటికి 140 దగ్గరే ఉండొచ్చు. వేగం ఒక్కసారిగా పెంచి తగ్గించే వ్యాయామాల్లోనూ ఇది వెనకబడుతుంది. చలికి చర్మం బిగుసుకున్నా, పచ్చబొట్టు అడ్డం వచ్చినా వెలుగు సరిగా చేరదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 2020లో రకరకాల చర్మపు రంగులున్నవాళ్ల మీద ఇలాంటి పరికరాలను పరీక్షించి, రంగు వల్ల గణనీయమైన తేడా ఏమీ కనిపించలేదని చెప్పింది. కదిలేటప్పుడు మాత్రం, ఊరికే కూర్చున్నప్పటికన్నా పొరపాటు సగటున 30 శాతం ఎక్కువైంది. ఏమైనా, రంగు వల్ల తేడా లేదన్నది ఒంటిరంగు గురించి బెంగపడే మనకు మంచి కబురు.

పరుగు పందేలకు తయారయ్యేవాళ్లు ఛాతీ పట్టీయే కట్టుకోవాలి. అది వెలుగును కాదు, గుండెలో పుట్టే విద్యుత్తునే పట్టుకుంటుంది. నాలాంటి నడక మనుషులకు మణికట్టు చాలు. ఎముక మీద కాకుండా దానికి రెండు వేళ్ల పైన, జారకుండా, అచ్చు పడకుండా కట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

కేలరీల అంకెను మాత్రం నమ్మకండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2017లో ఏడు పరికరాలను పరీక్షించింది. వాటిలో ఆరింట గుండె వేగం లెక్కలో పొరపాటు 5 శాతం లోపే ఉంది. కేలరీల దగ్గరకొచ్చేసరికి, అన్నిటికన్నా మెరుగైనదే 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం! అడుగుల లెక్క కాస్త నయం. అయినా తోపుడు బండి నెడుతూ నడిస్తే చెయ్యి ఊగదు కాబట్టి కొన్ని అడుగులు గల్లంతవుతాయి. పదివేల అడుగుల లక్ష్యం 1965లో ఒక జపాన్ కంపెనీ తన అడుగుల మీటరు అమ్మకానికి పెట్టినప్పుడు మొదలైంది. అమెరికాలో వయసు మళ్లిన ఆడవాళ్ల మీద 2019లో వచ్చిన అధ్యయనం ప్రకారం 4,400 అడుగులకే మేలు స్పష్టంగా కనిపించింది, 7,500 దాటాక పెద్దగా పెరగలేదు. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం వస్తుందన్న సూత్రమూ ఉజ్జాయింపే. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు అది అసలే పనికిరాదు.

ఈ బ్యాండులోని అసలు నిధి వేరే ఉంది. అందరూ దాటేసి వెళ్లిపోయే అంకె అది: విశ్రాంతి వేళ గుండె వేగం. చెయ్యి కదలదు, పిడికిలి బిగుసుకోదు, చెమట పట్టదు. నిద్రలోనూ నిశ్చలంగా ఉన్నప్పుడూ ఈ పరికరం ఎంత నమ్మకంగా పనిచేస్తుందో! నెలల తరబడి నడక సాగేకొద్దీ నాది 71 నుంచి 64కి మెల్లగా దిగింది. తూకం మిషన్ ఒప్పుకోని మార్పును గుండె ఒప్పుకుంది. పొద్దుపోయి బిర్యానీ తిన్న రాత్రి ఆ అంకె పైనే ఉండిపోయింది. ఇంకోసారి కారణం లేకుండా 8 పెరిగింది, మర్నాటికి జ్వరం వచ్చింది. జ్వరాల జాడ ఈ అంకెలో దొరుకుతుందా అని అమెరికాలో 47 వేలమందికి పైగా వాడిన బ్యాండుల సమాచారాన్ని పరిశోధకులు జల్లెడ పట్టారు. ఫ్లూ వ్యాప్తి అంచనాలు దానివల్ల మెరుగుపడ్డాయని 2020లో ప్రకటించారు. ఎవరి చేతికి వారు కట్టుకున్నది ఊరందరి ఆరోగ్యానికీ అక్కరకొస్తోంది!

వేగమే కాదు, నాడి లయ తప్పడాన్నీ కొన్ని వాచీలు గమనిస్తాయి. ఆపిల్ వాచీతో జరిపి, 2019లో వెలువడిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4 లక్షల 19 వేలమందికి పైగా పాల్గొన్నారు. నాడి లయ తప్పుతోందన్న హెచ్చరిక వారిలో సుమారు అర శాతం మందికే వచ్చింది. ఆ తర్వాత ఈసీజీ ప్యాచ్ పెట్టించుకుని తిరిగి పంపినవారిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయదోషం నిజంగానే దొరికింది. హెచ్చరిక రోగనిర్ధారణ కాదు, డాక్టరు దగ్గరకు వెళ్లమనే కబురు. చర్మం గుచ్చకుండా షుగరు చూపిస్తామనే వాచీల జోలికి వెళ్లొద్దు. అలాంటి ఏ వాచీకీ అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది.

ఖరీదైనదే కొనక్కర్లేదు. నిద్రలో కూడా గుండె వేగం రాసి పెట్టే ఒక మామూలు బ్యాండు కొనుక్కోండి. రాత్రిళ్లు తీయకండి. వారానికోసారి విశ్రాంతి వేగపు గీత చూసుకోండి, మీ అమ్మానాన్నలకూ చూపించండి. ఒక్క సంగతి మాత్రం ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచండి. గుండె రక్తనాళంలో అడ్డు పడితే ఈ ఆకుపచ్చ దీపాలకు కనిపించదు. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చల్లచెమటలు ఉంటే, బ్యాండు మీద 70 కనిపిస్తున్నా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి.