పొందూరు ప్రయాణం

పెళ్ళయిన 30 ఏళ్ళకి మా ఆవిడా నేనూ షికారు వెళ్ళాం. ఊటీకీ కాదు, కాశ్మీరుకీ కాదు. విజయనగరంలో పాసింజరెక్కి పొందూరు! అది ఆవిడ పుట్టినూరే. అమ్మ పోయాక మళ్ళీ అటు వెళ్ళలేదు.

వరసకి పెద్దమ్మ ఒకామె గుమ్మంలో కూచుని వాలుగచేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ సన్నని పళ్ళు దువ్వితేగాని 100వ నంబరు నూలు రాదట. "ఓలమ్మా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామేటే!" అంటూ చోడంబలి పోసి, నంజుకోడానికి ఎండుచేప వేపి పెట్టింది. ఆవిడ కూతుళ్ళెవరూ రాట్నం ముట్టరు. "రోజల్లా వడికితే ఏటొస్తాదమ్మా?" అంది.

మా ఆవిడ రాట్నం ముందు కూచుంది. పోగు నాలుగుసార్లు తెగింది. కళ్ళు తుడుచుకుని, "కాలేజీలో మా అమ్మ నూలు వడుకుతుందని ఎవరికీ చెప్పలేదండీ, సిగ్గుపడి. నా ఫీజులన్నీ ఆ నూలు డబ్బులే" అంది.

తిరుగుబండిలో ఆవిడ ఒడిలో చిలప నూలుంది. ఎదుటి సీటువాళ్ళు అడక్కుండానే, "మా అమ్మ ఇలాంటిదే వడికేది" అని చెప్పింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ ఫీజు ఎవరి చేతుల కష్టమో చెప్పడానికి మీరు 30 ఏళ్ళు ఆగకండి.