మగ్గముల వీధులలో

మంగళగిరి పానకాలస్వామిని సేవింపఁబోవువారు కొండ దిగిన పిదప నేతవీధులను గూడ దర్శింపవలెను. అచటి గుంటమగ్గములపై నేయు నూలుచీరలకు నైజాము అంచు ప్రసిద్ధము.

చీరాల పేరు చెప్పినంతనే తేలియా రుమాలు స్ఫురించును. నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిదనీటిలోను నానవైచి, కట్లు గట్టి రంగులలో ముంచి నేసిన యా వస్త్రములు పూర్వము అరబ్బు దేశముల కెగుమతి యయ్యెడివి. చీరాలలో నా విద్య క్షీణించినది. తెలంగాణములోని పుట్టపాకలో నిలిచి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందినది.

కొనునపుడు వస్త్రమును తిరుగవేసి చూడుఁడు. నేసిన బొమ్మ యిరువైపుల సమముగా నుండును. అచ్చుబొమ్మ వెనుక వెలవెలఁబోవును. బేరమాడుటకు ముందు, కండెలు చుట్టిన యిల్లాలి శ్రమను దలంపుఁడు. కొనువారు లేనిదే యే కళయు నిలువదు.