లాగుడు పెంచుదామా గురూ?

2014లో 'ఆటోనగర్ సూర్య' చూసినప్పట్నుంచీ నాకో పిచ్చి... మా డీజిల్ కారుకి హుషారెక్కించాలని! బెజవాడ ఆటోనగర్‌లో బండికి చేయని రిపేరుంటుందా? రీమ్యాప్‌కి రెంచీ కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్లో లెక్కలు మారిస్తే సరి. టర్బో డీజిలైతే లాగుడు 20 శాతం దాకా పెరగొచ్చు. బందరు రోడ్డులో ఓవర్‌టేక్ సుళువు!

మరి కంపెనీవాళ్లు ఆ బలాన్ని చేతకాక వదిలేశారా? కాదు. మన మే నెల ఎండకీ, నాసిరకం డీజిలుకీ ఇంజన్ తట్టుకోవాలని కొంత మిగిల్చారు. రీమ్యాప్ తినేది ఆ మిగులునే. దాంతో క్లచ్చి త్వరగా అరుగుతుంది, టర్బో వేడెక్కుతుంది, పొగ పెరుగుతుంది, వారంటీకి ఎసరొస్తుంది.

అందుకే ఆ డబ్బుతో కొత్త టైర్లు, బ్రేకులు వేయించా. సినిమాలో హీరోకి డూపుంటాడు. మనకెవరున్నారు చెప్పండి?