ఆగుంబె అడవిలో కాళింగం

శివమొగ్గ నుంచి తీర్థహళ్ళి మీదుగా ఆగుంబెకు సుమారు 90 కిలోమీటర్లు. తీర్థహళ్ళి దాటేవరకు దారి మనం ఎరిగిన మలెనాడే: వక్కతోటలు, పెంకుటిళ్ళు, వరిమళ్ళు. ఆ తరువాత చెట్లు రెండు ప్రక్కల నుంచి వంగి రోడ్డును కప్పివేస్తాయి. ఊరు చాలా చిన్నది. సూర్యాస్తమయం చూడడానికి వచ్చేవారు ఎక్కువ. ఆకాశం నిర్మలంగా ఉంటే అరేబియా సముద్రం కనిపిస్తుంది. మేము వెళ్ళినది మే నెలలో. మబ్బు తప్ప మరేమీ కనిపించలేదు. శంకర్ నాగ్ ‘మాల్గుడి డేస్’ తీసిన దొడ్డమనెను పిల్లలు చూచి సంతోషించారు. మా మనస్సు మాత్రం అడవి మీదనే ఉన్నది.

మేము దిగిన ఇల్లు ఒక వక్కతోటలో ఉన్నది. ఉదయమే పెరటి వైపు నడవబోతుంటే ఇంటి పెద్దావిడ ఆపి, “వెదురుపొద దగ్గరికి పోకండి. కాళింగం గూడు పెట్టుకున్నది,” అని చెప్పారు. ఆమె గొంతులో భయం లేదు. పక్కింటి కోడలు పురిటికి వచ్చిందని చెప్పినట్లే చెప్పారు.

వానలకు ముందు ఆడపాము ఒంటిని చుట్టగా త్రిప్పి ఎండుటాకులను లాగి కుప్ప వేస్తుంది. అందులో 20 నుంచి 40 గుడ్లు పెట్టి, పైన కావలి పడుకుంటుంది. పాములలో ఇలా ఆకులు పోగుచేసి గూడు కట్టేది ఇది ఒక్కటే. దీని ఆహారం ముఖ్యంగా ఇతర పాములు: జెర్రిపోతు, నాగుపాము, ఏది దొరికితే అది. 12 అడుగుల పాము ఇక్కడ అపురూపం కాదు. మేము దూరం నుంచి ఆకుల కుప్పను చూచాము, పామును చూడలేదు.

మాతో బరంపురం నుంచి వచ్చిన బావగారు ఉన్నారు. ఆయన అంతా విని, “ఇంతేనా బావా! మీ కాళింగమంటే మా గిరినాగే గదా. గంజాం జిల్లాలో మాకూ ఉన్నది,” అన్నారు. కొన్నేళ్ళ క్రితమైతే మేమూ ఔననేవాళ్ళమే. శాస్త్రజ్ఞులూ అలాగే అనేవారు. 1836లో థియోడర్ కాంటర్ అనే డేనిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ పామును శాస్త్రంలోకి ఎక్కించాడు. అప్పటి నుంచి 188 ఏండ్లు, ఇండియా నుంచి ఫిలిప్పీన్స్ దాకా ఉన్న రాచనాగులన్నీ ఒకే జాతి అని లెక్క.

2024లో పి. గౌరీశంకర్, ఆయనతో పనిచేసిన శాస్త్రజ్ఞులు ఆ ఒక్కటి నిజానికి నాలుగు జాతులని ప్రకటించారు. పడమటి కనుమల పాముకు కన్నడ ప్రజల పిలుపునే తీసుకొని ‘ఓఫియోఫేగస్ కాళింగ’ అని పేరు పెట్టారు. తూర్పు కనుమలలోనూ హిమాలయ పాదాలలోనూ ఉన్నది పాత పేరుతోనే, ‘హన్నా’గా మిగిలింది. అంటే బావగారి గిరినాగు, శ్రీకాకుళం, విశాఖ మన్యాల గిరినాగు ఒక జాతి; పెద్దావిడ పెరటిలోనిది మరొకటి. తమాషా ఏమంటే, కళింగదేశపు పాము కాళింగం కాదు!

బావగారు ఊరుకోలేదు. “చూడడానికి ఒకటే గదా! రెండు జాతులని ఎవరు తేల్చారు?” అన్నారు. ఇది తేలికైన ప్రశ్న కాదు. మామిడి సంగతే చూడండి. బంగినపల్లి, మల్గోవా, రత్నగిరి హాపుసు, మన సువర్ణరేఖ: రంగు వేరు, రుచి వేరు, కాయ తీరు వేరు. అయినా అన్నీ ఒకే జాతి. వాటి పుప్పొడి కలుస్తుంది, మొలకెత్తే టెంక వస్తుంది. గుర్రమూ గాడిదా కలిస్తే కంచరగాడిద పుడుతుంది గాని, దానికి సంతానం ఉండదు. కనుక అవి వేరు జాతులు. 1942లో ఎర్నెస్ట్ మేయర్ చెప్పిన నిర్వచనం స్థూలంగా ఇదే: తమలో తాము కలిసి సంతతిని కొనసాగించేవి ఒక జాతి.

పెరటి మామిడికి పనికివచ్చిన ఈ కొలత అడవి పాముకు పనికిరాదు. ఆగుంబె పాము గంజాం పామును కలిసే వీలే లేదు. నడుమ దక్కను ఎండునేల అంతా ఉన్నది. అందుకని శాస్త్రజ్ఞులు వేరే సాక్ష్యాలు చూచారు. జన్యువులలో ఎంతకాలంగా విడిపోయిన గుర్తులున్నవి? ఒంటిమీది పట్టీలు ఎన్ని, ఎలాంటివి? పడమటి పాము పట్టీలు 40కి మించవు, వాటికి నల్లని అంచు ఉండదు. హన్నా పసుపు పట్టీలకు నల్లని అంచు ఉంటుంది. ఒక్క గుర్తు చాలదు, అన్నీ ఒకే వైపు చూపితేనే తీర్పు. ఈ జాగ్రత్త మాకు నచ్చింది.

ఆ ఎండునేలే మరొక సంగతిని కూడా విప్పుతుంది. ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. తూర్పుకు దిగి శివమొగ్గ మైదానం చేరేసరికి అందులో కొద్ది భాగమే. తడి అడవి ఈ గట్టున ద్వీపంలా నిలిచింది. ద్వీపంలో చిక్కిన జీవులు తమ దారిన తాము మారుతూ వచ్చాయి. దేశపు నేలలో నూటికి ఆరు వంతులైనా లేని పడమటి కనుమలలో ఇన్ని జాతులు పోగుపడటానికి ఇది ఒక కారణం. ఇక్కడి కప్పలలో అధికభాగం ప్రపంచంలో మరెక్కడా లేవు.

ఇలాంటి చోట్లను నార్మన్ మేయర్స్ 1988లో హాట్‌స్పాట్‌లు అన్నాడు. మరెక్కడా లేని మొక్కల జాతులు 1,500 అయినా ఉండాలి, మొదటి పచ్చదనంలో నూటికి 70 వంతులు పోయి ఉండాలి. ఈ రెండవ షరతును చాలామంది మరచిపోతారు. అది బిరుదు కాదు, రోగి మంచానికి కట్టిన చీటీ. ఇప్పుడు ప్రపంచంలో అలాంటివి 36. శ్రీలంకతో కలిపి పడమటి కనుమలు ఒకటి. తూర్పు కనుమలు ఆ పట్టికలో లేవు. అంతమాత్రాన మహేంద్రగిరి అడవి చులకన కాదని బావగారి వాదన, మేమూ ఒప్పుకున్నాము.

ఇదివరకు పడమట రాచనాగులు తగ్గినా, ఒరిస్సాలో ఉన్నవి, అస్సాములో ఉన్నవి అనుకోవచ్చు. ఇప్పుడు ఆ ఊరట లేదు. ఇక్కడ పోయినది అక్కడి నుంచి తెచ్చి పూరించగలిగేది కాదు. పెద్దావిడకు ఈ లెక్కలేవీ తెలియవు. గుడ్లు చిట్లి పిల్లలు వెళ్ళిపోయేవరకు ఆ ఇంట్లో ఎవరూ వెదురు కొట్టరు.

వెళ్ళదలచినవారికి ఒక మాట. వానాకాలంలో జలగలు విపరీతం. పిల్లలకు పొడుగు మేజోళ్ళు తొడగండి. ఎండుటాకుల కుప్ప కనిపిస్తే కర్రతో కెలకవద్దు. మన దేశపు ఆస్పత్రులలో వాడే పాము విషపు విరుగుడు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరుల విషాలతో తయారవుతుంది. ఆ నాలుగింటిలో రాచనాగు లేదు.