తేలినీలాపురపు చింతలపై గూడబాతులు

హంసను గూర్చి మన కవులు వ్రాయనిదేమున్నది? నలదమయంతుల నడుమ రాయబారమునకైనను, పాలను నీళ్లను వేఱుచేయుటకైనను దానినే పిలిచిరి. గూడబాతును పలుకరించిన ప్రబంధ మొక్కటియు నాకు కానరాలేదు. రూప మట్టిది కాబోలు! జానెడున్నర ముక్కు, దాని క్రింద వ్రేలాడు తోలుసంచి, బూడిద కలసిన తెలుపు. కాని రెక్కలు విప్పి ఆకాశమున తేలునప్పుడు చూచితిరా, సోదరీమణులారా, హంసను మఱచిపోదురు.

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి సమీపమున తేలినీలాపురమను గ్రామము కలదు. నౌపడ స్టేషనులో దిగినవారికి దూరము కాదు. ఒక వంక ఉప్పుమళ్లు, సముద్రపు పోటునీరు చేరు బురదనేలలు. మఱియొక వంక వరిచేలు, చెఱువులు. ఏటేట సెప్టెంబరు, అక్టోబరు నెలలలో గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును వచ్చి, ఊరి చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, మార్చి, ఏప్రిలు నాటికి మరలిపోవును. ఇచ్ఛాపురము కడ తేలుకుంచిలో దిగు నత్తగుల్ల కొంగలు వేఱు. అవి తొలకరికే వచ్చును.

ఈ పక్షులు సైబీరియానుండి వచ్చునని అక్కడ పెక్కురు చెప్పుదురు. అది నిజము కాదు. ఈ గూడబాతు భారతదేశము, శ్రీలంక, కంబోడియా వంటి వెచ్చని దేశములలోనే కాపురముండు జాతి. నీరును చేపలును వెదకుచు ఈ నేలమీదనే తిరుగును గాని హిమాలయములు దాటి రాదు. మనయింటి పక్షియే యనుట!

దాని సంసారము ముచ్చటైనది. మగపక్షి పుల్లలు తెచ్చి యిచ్చును, ఆడుపక్షి గూడు అల్లును. గ్రుడ్లు 3, 4 పెట్టును; నెలదినములు రెండును వంతులవారీగా పొదుగును. ముక్కుసంచిలో చేపలు దాచి తెచ్చునని మనమనుకొందుము. అది వల మాత్రమే. చేపను నీటితో కూడ ముంచి, నీటిని వెడలించి, మ్రింగివేయును. గూటికి వచ్చి కక్కి పెట్టును. పిల్ల తల్లి గొంతులోనికి తల దూర్చి తినుట చూచి, మా చిన్నవాడు తల్లియే పిల్లను మ్రింగుచున్నదని కేకవేసినాడు.

ఆ చింతలు అడవిలోనివి కావు, ఇండ్ల నడుమ పెరళ్లలోనివి. రెట్టలు, జాఱిపడిన చేపల దుర్వాసన చెప్పనలవి కాదు. ఎట్లు సహింతురని ఒక ముదుసలి ఇల్లాలి నడిగితిని. "ఆడపిల్ల పురిటికొస్తే కంపని గెంటేత్తామేటమ్మా?" అన్నది.

అయినను ఈ పుట్టిల్లు నిశ్చింతగా లేదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలకూల్చినది. చింత వృద్ధి యగుటకు ఒక తరము పట్టును. 2021 డిసెంబరు మొదలు కొలది వారములలో ఈ గ్రామముననే నూఱుకు పైగా గూడబాతులు చచ్చిపడినవి. పరీక్షింపగా కడుపులలో నులిపురుగులు కానవచ్చినవి. అవి తినిన చేపలవలననే చేరును. కొల్లేటి ప్రాంతమున 1946లో కె. కె. నీలకంఠన్ గారు కనుగొన్న నాడు దాదాపు 3000 గూడబాతులు గూళ్లు కట్టుచుండెడివి. 1974 ప్రాంతమునకు ఆ తావు పాడువడినది.

ముదుసలి పెరటిచింతకు కలప వర్తకుడు బేరమాడ వచ్చెనట. ఏప్రిలు దాటనిమ్మని చెప్పి పంపినదట. మనుమరాలి పెండ్లి వైశాఖమున నున్నదని కూడ చెప్పినది.