మడచెట్టు వేరూ, తడి పొరా

శ్రీవిజయపురం,
ఆదివారం

అక్కయ్యా,

పైన రాసిన పేరు చూసి కంగారుపడకు, పోర్ట్ బ్లెయిరే ఇది. 2024లో పేరు మార్చారు. జంగ్లీఘాట్ వైపు వెళితే చేపల బేరం మన శ్రీకాకుళం యాసలోనే వినిపిస్తుంది.

నిన్న బారాటాంగ్ వెళ్లాను. సున్నపురాయి గుహలకి మడ అడవి మధ్య నుంచి పడవలో తీసుకెళ్తారు. మన కోరింగలో చూసిన చెట్లే. ఇక్కడ మాత్రం రెండు గట్ల కొమ్మలూ కలిసి కాలువ మీద పందిరేశాయి. వేళ్లు నిలువునా ఉప్పునీళ్లలోనే. అయినా ఆ వేరు నీటిని లోపలికి రానిచ్చి, ఉప్పుని చాలావరకు గుమ్మం బయటే ఆపేస్తుంది. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కదా, నాకు వెంటనే హైడ్రోజన్‌తో కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌లోని పొర గుర్తొచ్చింది.

చూడ్డానికి అదొక ప్లాస్టిక్ కాగితం. పేరున్న రకం నాఫియాన్, టెఫ్లాన్‌కి చుట్టం. 1960లలో డ్యూపాంట్ కంపెనీలో వాల్టర్ గ్రాట్ తయారుచేశాడు. మందం మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు. ఒక పక్క హైడ్రోజన్ పంపితే అక్కడి ప్లాటినం పూత దాన్ని ప్రోటాన్, ఎలక్ట్రాన్‌లుగా విడగొడుతుంది. ప్రోటాన్‌కి పొరలోంచి దారి ఉంది, ఎలక్ట్రాన్‌కి లేదు. అది తీగ పట్టుకుని చుట్టుదారిన పోవాలి, పోతూ దీపం వెలిగిస్తుంది. అవతలి గట్టున రెండూ ఆక్సిజన్‌తో కలిసి నీళ్లవుతాయి. మంటా లేదు, పొగా లేదు.

అసలు వింత ఆ దాటడంలో ఉంది. పొర లోపల ఆమ్లపు గుంపులు తడిని పట్టి ఉంచుతాయి. ఇటుకలు చేతులు మారినట్టు ప్రోటాన్ ఒక నీటి అణువు నుంచి పక్కదానికి అందుతూ పోతుంది. ప్రోటాన్ పేరే లేని 1806లో గ్రాటస్ అనే ఆయన నీటిలో ఇలాంటి అందింపు ఉంటుందని ఊహించాడు! పొర ఎండిందా, పని ఆగుతుంది. అందుకే వేడి మరీ పెరగనివ్వకుండా సుమారు 80 డిగ్రీల దగ్గర నడుపుతారు. నీళ్లు మరీ నిండినా గాలి అందక చతికిలబడుతుంది. మడచెట్టు బతుకే అనుకో.

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ చివరి దశలో ఇస్రో ఇలాంటి సెల్‌ని పెట్టి, 350 కిలోమీటర్ల ఎత్తున 180 వాట్ల కరెంటు తీసింది. ఇస్రో రాకెట్ల జాడ కనిపెట్టే కేంద్రం ఒకటి ఈ ఊళ్లోనూ ఉంది.

నేల మీద మాత్రం ఈ దీవులకి కరెంటు ఎక్కువగా ఓడల్లో వచ్చే డీజిల్‌తోనే. ఎన్‌ఎల్‌సీ వాళ్ల 20 మెగావాట్ల సౌర కేంద్రం, బ్యాటరీలు ఉన్నాయి. పగటి ఎండతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ దాచుకోవచ్చు, కానీ తిరిగి కరెంటు చేసేసరికి సగానికి పైగా శక్తి ఆవిరి. ఒక్క రాత్రికైతే బ్యాటరీయే మేలు. వారాల తరబడి ముసురు పట్టినప్పుడు హైడ్రోజన్ మాట. కిలో హైడ్రోజన్‌కి తొమ్మిది లీటర్ల నీళ్లొస్తాయని ఇక్కడి నీటి ఎద్దడి తీరుతుందనుకునేవు, మొదట పోసిందీ ఆ తొమ్మిది లీటర్లే!

పడవలకి నప్పుతుందని నా నమ్మకం. కొచ్చిన్ షిప్‌యార్డ్ యాభై మంది ఎక్కే హైడ్రోజన్ పడవ కట్టింది, 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. ఆ సంగతే మా పడవవాడికి చెప్పాను. పొగ రాదు, చప్పుడూ ఉండదన్నాను. అతను ఒడ్డు బురదలో పడుకున్నదాన్ని గెడ్డంతో చూపించాడు.

"సప్పుడు లేకపోతే మనమొస్తన్నామని మొసలికెలాగ తెలుస్తాది బాబూ?"

నీ తమ్ముడు