‘కు’ దగ్గర ఆగిన అరకు

గిట్‌హబ్‌లో కమిట్ పక్కన ఆకుపచ్చ టిక్కు కనిపిస్తే "హమ్మయ్య, అంతా బాగుంది" అనుకుంటాం. నిజానికి అది అంత మాట అనదు. "నన్ను ఏ మెషీన్ల మీద నడిపి చూశారో వాటి మీద బాగానే ఉన్నాను" అంటుంది, అంతే. జాబితాలో లేని మెషీన్ సంగతి దానికి తెలీదు.

మా మావయ్య అరకు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. అక్కడి పిల్లల ఇళ్లలో కువి, ఆదివాసీ ఒడియా లాంటి భాషలు మాట్లాడతారు. ఊళ్లు, చెట్లు, వంటసామాన్ల పేర్లు వాళ్ల చేతే చెప్పించి, ఆయన తెలుగు లిపిలో రాసిపెడుతున్నారు. ఆ మాటల్ని అక్షర క్రమంలో పేర్చుకోమని, నేను అప్పుడప్పుడు ప్యాచులు పంపే ఒక చిన్న పైథాన్ ప్రాజెక్టు ఇచ్చాను. నా ఉబుంటులో చక్కగా నడిచేది. ఆ ప్రాజెక్టు ఆటోమేటిక్ టెస్టులు నడిచేదీ ఉబుంటు మీదే. బడి కంప్యూటర్లలో ఉన్నదేమో విండోస్.

"ఒరే అల్లుడూ, ఇది మొదటి మాటకే ఆగిపోతోందిరా" అని ఫోన్ చేశారు. ఆ మొదటి మాట ‘అరకు’.

కారణం సరదాగా ఉంటుంది, వినండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. కొమ్ముకి (ు) చివరి బైటు హెక్సాలో 81. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ ఏంటో చెప్పకపోతే, పైథాన్ విండోస్‌లో సిస్టమ్ కోడ్ పేజీని తీసుకుంటుంది. మన ఇంగ్లిష్ విండోస్‌లలో అది సాధారణంగా 1252. ఆ పట్టికలో 81కి అక్షరమే లేదు. అ, ర, క ఎలాగో దాటాయి, కొమ్ము దగ్గర ఎర్రర్. ఒత్తుల వెనక ఉండే పొల్లుకి (్) చివరి బైటు 8డి. దానికీ అక్కడ చోటు లేదు. అందుకే పాడేరు ఆగుతుంది, బొర్రా ఆగుతుంది. అనంతగిరిలో కొమ్మూ ఒత్తూ లేవు కదా, అది మాత్రం ఎర్రర్ లేకుండా పిచ్చి గుర్తులుగా లోపలికి పోతుంది. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ తెలీదు.

సరిచేయడానికి కోడ్‌లో ఎన్‌కోడింగ్ పేరు ఒక్కటి రాస్తే చాలు. కానీ రేపు ఇంకెవరో అది రాయకుండా ఇంకో ఫైలు తెరిస్తే? అందుకే టెస్టుల జాబితాలో ఉబుంటు పక్కన విండోస్ కూడా చేర్చమని పుల్ రిక్వెస్ట్ పెట్టాను. మార్పు ఒకే ఒక్క లైను. మెయింటైనర్ వెంటనే ఒప్పుకోలేదు. "మా ఎవరి దగ్గరా విండోస్ లేదు. ఎర్రగా మారితే ఎవరు చూస్తారు? ఎప్పుడూ ఎర్రగా ఉండే టెస్టుని కొన్నాళ్లకి ఎవరూ పట్టించుకోరు" అన్నాడు. న్యాయమైన మాటే. జాబితాలో ఒక ఓఎస్ చేర్చడమంటే, దాన్ని వాడేవాళ్లకి మాట ఇవ్వడం. నేను చూసుకుంటానని రాసిచ్చాను.

మొదటి రన్ నిండా ఎరుపే. ఎన్‌కోడింగ్ ఒకటి. రెండోది లైను చివర్లు. విండోస్‌లో గిట్ ఫైళ్లని దించుకుంటూ ప్రతి లైను చివరా ఇంకో బైటు చేర్చింది. దాంతో రావాల్సిన జవాబుకీ వచ్చిన జవాబుకీ పొంతన కుదరలేదు. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్లో రెండు లైన్లు రాస్తే అది సర్దుకుంది. కొన్నాళ్లు విండోస్ ఫెయిలైనా మెర్జ్ ఆగకుండా ఉంచి, నిలకడగా పాసవుతోందని తేలాక తప్పనిసరి చేశాం. అరకు, పాడేరు, బొర్రా, అనంతగిరి ఇప్పుడు ఆ ప్రాజెక్టు టెస్ట్ డేటా.

"పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేస్తున్నారుగా, ఇంత శ్రమెందుకు?" అని మా రూమ్మేట్ అడిగాడు. నిజమే. కానీ కొత్త వెర్షన్ వచ్చిన రోజే కొండ మీది ల్యాబుకి చేరదు. అప్పటిదాకా ఆ పిల్లల మాటలు ఆగకూడదు కదా.

ఈమధ్య వేరే దేశపు కంట్రిబ్యూటర్ ఒకాయన కొత్త ఫీచర్ పంపాడు. ఉబుంటులో పచ్చ, విండోస్‌లో ఎరుపు. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. లాగ్ చూసుకుని, ఏ ఫైలు దగ్గర ఆగిందో కనిపెట్టి, పావుగంటలో సరిచేసి మళ్లీ పంపాడు. నన్ను ఎవరూ పిలవలేదు, మావయ్య ఫోనూ చేయలేదు.

మీ ప్రాజెక్టులో కూడా ఒకసారి ఆ జాబితా తెరిచి చూడండి. మీ లైబ్రరీ వాడేవాళ్ల బల్ల మీద ఉన్న మెషీన్ అందులో ఉందా?